అమ్మకి మధ్యాహ్నం ఎంతసేపు?

గోదారి_గట్టు (రాజమండ్రి) · రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఈ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను.

మా అమ్మకి 76. అల్జీమర్స్ అని చెప్పి రెండేళ్లయింది. నిన్న పాల ప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్లి పది నిమిషాల్లో వచ్చాను. అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దుననగా వెళ్లావు, ఇప్పుడా రావడం?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అదే మనిషి మొన్న అన్నం తిని వరండాలో కుర్చీలో కూర్చుని, దీపాలు పెట్టే వేళదాకా లేవలేదు. నాలుగు గంటలు. "ఎంతసేపని కూర్చుంటావమ్మా, నడుం పట్టేస్తుంది" అంటే "ఇప్పుడేగా కూర్చున్నాను" అంది.

పది నిమిషాలేమో పూటంత, నాలుగు గంటలేమో ఇప్పుడే. మరి ఆవిడకి కాలం పొడుగా, పొట్టా? ఆవిడ మధ్యాహ్నం ఆవిడకి ఎంతసేపు ఉంటుంది? డాక్టర్‌ని అడిగితే "అదంతా జబ్బులో భాగమే" అని మందుల చీటీ రాసిచ్చారు.

ఇంకోటి. ఈ రెండేళ్లుగా నాకు ఒక్కో రోజు గడవదు. వెనక్కి చూస్తే మాత్రం రెండేళ్లూ రెండు నెలల్లా ఉన్నాయి. ఆవిడదీ నాదీ ఒకటే సంగతా, వేరు వేరా?

మిరపకాయ_బజ్జీ · రాత్రి 10:52

రెండోదానికి నేనూ చెయ్యెత్తుతున్నాను. నాకు 2020, 2021 కలిపి ఒకటే ఏడాది. మా పిన్ని కూతురి పెళ్లి లాక్‌డౌన్‌కి ముందా, తర్వాతా అని ఇంట్లో పెద్ద గొడవ. చివరికి ఫొటోలో పురోహితుడి గడ్డం కింద వేలాడుతున్న మాస్కు చూసి తేల్చుకున్నాం.

అమ్మగారి సంగతి చదివితే మాత్రం మనసు ఏదోలా అయింది అన్నా.

లెక్కల_మాస్టారు · రాత్రి 11:05

గట్టు గారూ, రెండో ప్రశ్నకి పాత సమాధానం ఒకటుంది. 1877లో పాల్ జానే అనే ఫ్రెంచి ఆయన చెప్పింది. పదేళ్ల పిల్లాడికి ఒక ఏడాది అంటే బతికిన బతుకులో పదో వంతు. అరవై ఏళ్లవాడికి అరవయ్యో వంతు. అందుకే చిన్నప్పటి వేసవి సెలవులు ఎంతకీ తరిగేవి కావు, ఇప్పుడేమో సంక్రాంతి ముగ్గులు చెరిగేలోపే ఉగాది వచ్చేస్తుంది. రిటైరయ్యాక ఇది నాకు బాగా తెలిసొచ్చింది.

ఎర్ర_బస్సు · రాత్రి 11:12

మాస్టారూ, లెక్క అందంగానే ఉంది గానీ ఒకటి అడుగుతాను. నాకు 34. గడిచిన పదేళ్లలో హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో చేసిన ఆరేళ్లు గుప్పెడంత. మధ్యలో ఎనిమిది నెలలు ఉద్యోగం పోయి, ఇల్లు మారి, నాన్నకి ఆపరేషన్ చేయించి, మళ్లీ పరీక్షలు రాసి... ఆ ఎనిమిది నెలలు ఇప్పటికీ ఒక యుగంలా కనబడతాయి. వయసు భాగహారమే కారణమైతే ఎనిమిది నెలలు ఆరేళ్లని ఎలా మింగుతాయి?

లెక్కల_మాస్టారు · రాత్రి 11:20

ఇది సరైన ప్రశ్నే. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ కూడా 1890లో జానే మాటని చెప్పి, ఇది జరిగేదాన్ని చూపిస్తుంది తప్ప ఎందుకు జరుగుతుందో చెప్పదని అక్కడే ఆపేశాడు. ఆయన చూపించిన కారణం జ్ఞాపకమే. వయసొచ్చేకొద్దీ రోజులన్నీ ఒకే రకంగా ఉంటాయి, వెనక్కి తిరిగితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, అందుకే ఏళ్లు ముడుచుకుపోతాయి అన్నాడు. సందడిగా గడిచిన కాలం గడిచేటప్పుడు పొట్టి, తలుచుకుంటే పొడుగు. ఖాళీ కాలం దానికి తిరగేత.

గట్టు గారి రెండేళ్లు ఈ రెండో రకం. నా భాగహారం వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రి_డ్యూటీ_డాక్టర్ · రాత్రి 1:35

న్యూరాలజీలో పీజీ చేస్తున్నాను. వార్డు కాస్త నిమ్మళంగా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి ఇది వైద్య సలహా కాదు.

మన బుర్ర కాలాన్ని రెండు పద్ధతుల్లో అంచనా వేస్తుంది. ఒకటి, గడుస్తుండగానే. కుక్కర్ మూడో విజిల్ కోసం పొయ్యి దగ్గర నిలబడ్డారనుకోండి, ధ్యాసంతా దాని మీదే ఉంటుంది, అందుకే సాగుతుంది. ఇక్కడ పని ధ్యాసది. రెండోది, అయిపోయాక. "ఎంతసేపు పట్టింది?" అని ఎవరైనా అడిగితే ఆ మధ్యలో ఏమేం జరిగాయో తడిమి చూసుకుని చెబుతాం. ఇక్కడ పని జ్ఞాపకానిది. జ్ఞాపకాలు ఎక్కువ పోగుపడితే ఎక్కువసేపు అంటాం.

జ్ఞాపకమే లేకపోతే? దీనికి వైద్యంలో అందరికీ తెలిసిన మనిషి హెన్రీ మొలైసన్. బతికున్నంతకాలం పుస్తకాల్లో హెచ్.ఎం. అనే రెండు అక్షరాలే. మూర్ఛ తగ్గించడానికి 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండు వైపులా, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కావలసిన హిప్పోకాంపస్ అనే భాగాన్నీ, దాని చుట్టుపక్కల భాగాన్నీ చాలావరకు తీసేశారు. అప్పుడు ఆయనకి 27 ఏళ్లు. మూర్ఛ తగ్గింది. కొత్త జ్ఞాపకం నిలవడం ఆగిపోయింది. 2008లో పోయేదాకా, అంటే 55 ఏళ్లు, సైకాలజిస్ట్ బ్రెండా మిల్నర్‌తో మొదలుపెట్టి ఎందరో ఆయన్ని పరీక్షించారు. వాళ్లు పలకరించి గది బయటికి వెళ్లి మళ్లీ వస్తే ఆయనకి కొత్తవాళ్లే.

ఆయనకి కాలం మీద కూడా ఒక పరీక్ష పెట్టారు. ఒక వ్యవధి ఎంతసేపో చూపించి, అంతేసేపు తిరిగి చూపించమంటారు. దాదాపు 20 సెకన్ల వరకు మనలాగే సరిగ్గా చెప్పాడు. అది దాటితే ఆయన కాలం పొట్టిదైపోయింది. ఆ తీరునే పొడిగించి 1973లో ఒక లెక్క వేశారు. మన గంట ఆయనకి 3 నిమిషాలు, రోజు 15 నిమిషాలు, ఏడాది 3 గంటలు. కొలిచింది కొద్ది నిమిషాల వరకే, మిగతాదంతా కాగితం మీది లెక్క. కాబట్టి దాన్ని అక్షరాలా పట్టుకోకండి. కానీ వరండాలో మీ అమ్మగారి "ఇప్పుడేగా కూర్చున్నాను" అన్న మాట ఈ దారిలోనే ఉంది.

పాల ప్యాకెట్ సంగతి వేరు. నాకు అర్థమైనంతవరకు, మీరు చెప్పి వెళ్లడం ఆవిడకి గుర్తులేదు. మీరు ఇంట్లో లేకపోవడం మాత్రం ఎదురుగా కనిపిస్తోంది. ఎప్పుడు వెళ్లారో తెలియనప్పుడు బెంగని బట్టే లెక్క కట్టుకోవాలి. బెంగ పూటంత ఉంది, అందుకే "పొద్దుననగా".

పేజర్ మోగింది. మళ్లీ వస్తాను.

పంచాంగం_ప్రసాద్ · ఉదయం 5:50

20 సెకన్లు అనగానే ఉలిక్కిపడ్డాను. రోజుకి 60 గడియలు, గడియకి 60 విగడియలు. అంటే గడియ 24 నిమిషాలు, విగడియ 24 సెకన్లు. జ్ఞాపకం సాయం లేకుండా మనిషి పట్టుకోగలిగిన కాలం ఇంచుమించు ఒక విగడియ అన్నమాట! పెద్దలకి ముందే తెలుసు.

ఎర్ర_బస్సు · ఉదయం 7:30

ప్రసాద్ గారూ, 24 గంటల్ని 60తో రెండుసార్లు భాగిస్తే 24 సెకన్లు రాక ఇంకేం వస్తుందండీ. పెద్దల్ని ఇందులోకి లాగకండి.

పంచాంగం_ప్రసాద్ · ఉదయం 7:41

సరే నాయనా. అయినా ముచ్చటగా ఉందా లేదా?

ఎర్ర_బస్సు · ఉదయం 7:44

ముచ్చటగా ఉంది.

డల్లాస్_బాబాయ్ · ఉదయం 8:15

ఇక్కడ రాత్రయింది, పడుకునే ముందు చూశాను. మా ఊళ్లో జరిగిన ప్రయోగం ఒకటి చెప్పాలి.

డిగ్రీ రోజుల్లో అనకాపల్లి దగ్గర బండి మీంచి ఎగిరి పడ్డాను. గాల్లో ఉన్నంతసేపూ అంతా నెమ్మదిగా, పాత సినిమాలో స్లో మోషన్‌లా నడిచిందని పాతికేళ్లుగా అందరికీ చెబుతూ వస్తున్నాను. చెప్పు ఊడి పక్కకి వెళ్లడం, టీ కొట్టు ముసలాయన నోరు తెరవడం, అన్నీ కనిపించాయి.

డేవిడ్ ఈగిల్‌మన్ అనే మెదడు శాస్త్రవేత్త ఇది నిజమేనా అని తేల్చడానికి డల్లాస్‌లోని ఒక వినోదాల పార్కుకి మనుషుల్ని తీసుకెళ్లాడు. అక్కడ 150 అడుగుల టవర్ పైనుంచి తాడూ గీడూ లేకుండా వెల్లకిలా వదిలేసేవారు, కింద వల పట్టుకునేది. వల దాకా దాదాపు 31 మీటర్లు, రెండున్నర సెకన్లు. చేతికి గడియారం లాంటిది కట్టాడు. అందులో అంకెలు మామూలుగా చూస్తే చదవలేనంత వేగంగా మారుతుంటాయి. పడేటప్పుడు నిజంగానే కాలం నెమ్మదిస్తే ఆ అంకెలు చదవగలగాలి కదా? మామూలుగా కంటే మెరుగ్గా ఏమీ చదవలేకపోయారు. కానీ "ఎంతసేపు పడ్డారు?" అంటే, పక్కవాళ్లు పడటం చూసి చెప్పినదానికంటే తాము పడ్డది సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. ఇది 2007లో అచ్చయింది.

అంటే గాల్లో ఉన్నప్పుడు నాకేమీ నెమ్మదించలేదు. భయంలో బుర్ర చెప్పునీ, ముసలాయన్నీ, అన్నిటినీ రాసిపెట్టుకుంది. ఆ తర్వాత చదువుకుంటే పొడుగ్గా ఉంది. పాతికేళ్ల కథ పాడైంది. ఆ టవర్ మాత్రం టికెట్ ఫ్రీగా ఇచ్చినా నేనెక్కను.

పాత_రేడియో · ఉదయం 9:20

నేను చదువుకున్నది తక్కువ, ఒక మాట చెబుతాను నాయనా. మాది అవనిగడ్డ దగ్గర. మా ఊళ్లో పాతవాళ్లకి తేదీలుండవు, ఉప్పెన ఉంటుంది. 1977 నవంబరు 19. "ఉప్పెనకి నీకు పాలపళ్లు ఊడలేదు", "ఉప్పెన వెళ్లిన మూడో ఏడు మీ బాబాయి పెళ్లి". మా అమ్మకి చివరి రోజుల్లో నా పేరు కూడా జారిపోయేది. అయినా ఏదైనా అడిగితే "అది ఉప్పెనకి ముందుది" అని ఠక్కున చెప్పేది. ఆ రాత్రికి ఇవతల జరిగినవన్నీ కలగలిసిపోయేవి, అవతలివి మాత్రం వరస తప్పేవి కావు.

నిమ్మకాయ_షోడా · ఉదయం 9:48

పాత_రేడియో అమ్మా, మీ ఊరివాళ్లు చేసేదాన్నే అమెరికాలో పరిశోధన చేసి పేపర్ రాశారు. నేను సైకాలజీ ఎమ్మే. సర్వేల్లో "గత ఆరు నెలల్లో మీ ఇంట్లో దొంగతనం జరిగిందా?" అని అడిగితే జనం ఏడాది కిందటిది కూడా ఆరు నెలల్లోకి లాక్కొచ్చి చెబుతారు. దూరపు సంగతి దగ్గరికి జరిగిపోతుంది. "నిన్నగాక మొన్నే కదా" అంటామే, అదే. ఎలిజబెత్ లాఫ్టస్, ఆవిడతో పనిచేసినవారూ 1983లో ప్రశ్న మార్చారు. 1980 మే 18న సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలింది కదా, "అది పేలిన తర్వాత జరిగిందా?" అని అడిగారు. పొరపాట్లు బాగా తగ్గాయి. తేదీ ఎవరికీ గుర్తుండదు, ఆ ముందూ ఈ వెనకా గుర్తుంటాయి.

మాకు వైజాగ్‌లో హుద్‌హుద్ అలాంటిదే. 2014 అక్టోబరు 12. మా కాలనీలో చెట్లకి కూడా వయసు అలాగే చెబుతారు.

మిరపకాయ_బజ్జీ · ఉదయం 10:02

అందుకేనా మాకు మాస్కు పనికొచ్చింది!

రాత్రి_డ్యూటీ_డాక్టర్ · మధ్యాహ్నం 2:10

నిద్ర లేచాను. ఇంత చర్చ జరిగిందా!

రాత్రి వదిలేసింది చెబుతాను, గట్టు గారి రెండు ప్రశ్నలూ కలిసేది ఇక్కడే. 2011లో బోస్టన్ యూనివర్సిటీలో హోవర్డ్ ఐకెన్‌బామ్ బృందం ఎలుకల హిప్పోకాంపస్‌లో ఒక వింత చూసింది. ఎలుక ఒక వస్తువు చూశాక, కొన్ని సెకన్లు ఊరికే ఆగాలి. ఆ ఖాళీలో కొన్ని కణాలు వరసగా ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి, అంటే చురుకవుతాయి. మొదటి సెకనులో ఒకటి, ఆ తర్వాత ఇంకోటి, మన ఊరి గస్తీవాడు వీధి వీధికీ కర్ర తాటించుకుంటూ పోయినట్టు. వీటికి టైమ్ సెల్స్ అని పేరు పెట్టారు.

2018లో నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో, నోబెల్ వచ్చిన ఎడ్వర్డ్, మే-బ్రిట్ మోజర్‌ల ల్యాబ్‌లో, ఇంకో అడుగు వేశారు. హిప్పోకాంపస్‌కి సమాచారం అందించే గుమ్మం లాంటి చోటు ఒకటుంది, ఎంటోరైనల్ కార్టెక్స్. దాని బయటివైపు భాగంలో కణాల మోత ఎప్పటికప్పుడు మారుతూ పోతుంది. అక్కడ విడిగా గడియారమంటూ ఏమీ లేదు, జరుగుతున్న అనుభవమే మారుతూ కాలపు గుర్తుగా పడుతోంది. ఎలుకని స్వేచ్ఛగా వదిలేస్తే ఒక నిమిషానికీ ఇంకో నిమిషానికీ తేడా స్పష్టంగా తెలిసింది. అదే ఎలుకని 8 అంకె ఆకారపు దారిలో, చాక్లెట్ ముక్కల ఆశ చూపి తిప్పిందే తిప్పితే, ప్రతి చుట్టూ ముందు చుట్టులాగే కనబడింది. చుట్టు లోపల ఎక్కడున్నామో బాగా తెలుసు. ఎన్నో చుట్టో మసకైపోయింది.

అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసే చోట్లలో ఈ ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. అందుకే మేం పేషెంట్‌ని మొదట అడిగేవి ఇవాళ ఏ వారం, ఏ నెల, ఏ సంవత్సరం, ఏ కాలం అనే.

గోదారి_గట్టు (రాజమండ్రి) · మధ్యాహ్నం 2:40

అంటే అమ్మకి గుర్తు పడే చోటే పాడైంది. నాకు చోటు బాగానే ఉంది, పడటానికి కొత్త గుర్తే లేదు. మాత్రలు, స్నానం, అన్నం, మాత్రలు, టీవీ, మాత్రలు. ఎనిమిది అంకెలో తిరిగే ఎలుకని నేనే. చాక్లెట్ కూడా లేదు.

జోక్ చేస్తున్నాను లెండి. నిజంగానే మనసు కొంచెం తేలికైంది. ఆ రెండేళ్లు నేనెక్కడో పోగొట్టుకున్నానని అనుకునేవాణ్ని.

సైకిల్_చైన్ · మధ్యాహ్నం 3:05

సింపుల్ బ్రో. రొటీన్ మార్చు. కొత్త ఊళ్లు చూడు, కొత్త హాబీ పట్టు. కాలం ఆటోమేటిక్‌గా పెరుగుతుంది.

పాత_రేడియో · మధ్యాహ్నం 3:11

ఆయన పాల ప్యాకెట్‌కి వెళ్తేనే ఇల్లు అల్లకల్లోలమవుతోంది, ఊళ్లెక్కడ చూస్తాడయ్యా.

సైకిల్_చైన్ · మధ్యాహ్నం 3:15

నిజమే. సారీ అన్నా. ఆలోచించకుండా రాశాను.

లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 3:30

దారి తప్పుతున్నానేమో గానీ, మిషెల్ సిఫ్ర్ గుర్తొచ్చాడు. ఫ్రెంచి కుర్రాడు, గుహల శాస్త్రం. 1962 జూలై 16న ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలోకి గడియారం లేకుండా దిగాడు. చీకటి, చలి, ఒంటరితనం. సెప్టెంబరు 14న పైనుంచి "అయిపోయింది, రా" అంటే నమ్మలేదు. అతని లెక్కలో ఇంకా ఆగస్టు 20. పాతిక రోజులు ఆవిరైపోయాయి. విచిత్రమేమిటంటే ఒంటికి తెలుసు. నిద్రా మెలకువా కలిసి ఇరవై నాలుగున్నర గంటల చుట్టూ ఆడుతూనే ఉన్నాయి. బుర్రకే తెలియలేదు. సెకనుకి ఒకటి చొప్పున 120 లెక్కపెట్టమంటే అతనికి ఐదు నిమిషాలు పట్టిందట.

గట్టు గారూ, అమ్మగారికి ఆకలీ నిద్రా వేళకి వస్తున్నాయా? వస్తుంటే ఆ మేరకు గడియారం ఇంకా ఆడుతోందనేగా.

తెల్ల_కోటు_అక్క · సాయంత్రం 4:45

డాక్టర్‌ని కాను, నర్సుని. పదమూడేళ్లుగా ముసలివాళ్ల దగ్గరే పని. పైన రాసినవన్నీ బాగున్నాయి. నాకు తెలిసినవి రెండు మూడు చెబుతాను తమ్ముడూ.

"గుర్తుందా అమ్మా?" అని అడగొద్దు. అది పరీక్ష పెట్టినట్టే ఉంటుంది, లేదని తెలిసి సిగ్గుపడతారు. "గంటలో వస్తాను" అనకు. గంటంటే వాళ్లకి తెలియదు. "భోజనం అయింది, ఇంకా దీపం పెట్టలేదు, ఈ మధ్యలో వస్తాను" అను. పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టు, "పాలకి వెళ్లాడు, వచ్చేస్తాడు" అని. వేళలు రాయొద్దు. పొద్దుగూకే వేళకి చాలామందికి కంగారు పెరుగుతుంది, ముందే లైట్లు వేసెయ్యి. పగలో రాత్రో అర్థమయ్యేలా కిటికీ తెరిచి ఉంచు.

అన్నీ అందరికీ పనిచేయవు. పలక మా పెద్దమ్మకి పనిచేసింది, మా మామగారు దాన్ని విసిరికొట్టారు.

రాత్రి_డ్యూటీ_డాక్టర్ · సాయంత్రం 5:20

అక్క చెప్పిన వాటి ముందు నా ఎలుకలు దిగదుడుపే.

ఒక్కటి చేరుస్తాను. క్లైవ్ వేరింగ్ అని ఇంగ్లండ్‌లో సంగీత విద్వాంసుడు. 1985లో మెదడుకి వైరస్ సోకి, జ్ఞాపకం అర నిమిషం కూడా నిలవని స్థితికి వచ్చాడు. డైరీలో "ఇప్పుడే మొదటిసారి మెలకువ వచ్చింది" అని రాసేవాడు. కాసేపటికి అది కొట్టేసి, ఇదే నిజమైన మెలకువ అని మళ్లీ రాసేవాడు. పేజీలకి పేజీలు అంతే. కానీ పియానో ముందు కూర్చోబెడితే వాయించేవాడు. మొదలెక్కడ, మధ్యెక్కడ, ముగింపెక్కడ, ఏదీ తప్పేది కాదు. చేతులకీ నోటికీ అలవాటైన విద్య మెదడులో వేరే చోట్ల ఉంటుంది, హిప్పోకాంపస్ పోయినా అది మిగలొచ్చు. గట్టు గారూ, అమ్మగారికి పాటగానీ పద్యంగానీ వచ్చా?

గోదారి_గట్టు (రాజమండ్రి) · రాత్రి 9:15

మాస్టారూ, ఆకలి వేళకే అవుతుంది. పన్నెండున్నరకి కంచం ఎక్కడ అని అడుగుతుంది, గడియారం చూడకుండానే.

డాక్టర్ గారూ, పద్యాలేం రావు. విష్ణు సహస్రనామం వచ్చు. పెళ్లయినప్పటి నుంచీ రోజూ పొద్దున్నే స్నానం చేసి చదివేది. ఈ మధ్య నేనే ఆపించాను, ఒకసారి మధ్యలో ఎవరో పిలిస్తే ఎక్కడున్నదో తెలియక కంగారుపడిందని. మీ మాట చదివాక, పొద్దున దాకా ఎందుకులే అని సాయంత్రం దేవుడి దగ్గర చాప వేసి మొదటి శ్లోకం నేను అందించాను. రెండోది ఆవిడే అందుకుంది.

గోదారి_గట్టు (రాజమండ్రి) · నాలుగు రోజుల తర్వాత, రాత్రి 8:30

అప్‌డేట్ అడిగినవాళ్ల కోసం. పలక పనిచేయలేదు, మా ఇంట్లోనూ గోడకి తగిలింది. దీపాల వేళకి ముందే లైట్లు వెయ్యడం పనిచేసింది.

అమ్మ సహస్రనామం మొదలుపెట్టి ముగించేసరికి అరగంట అవుతుంది. ఇవాళ ఆవిడ మొదలుపెట్టగానే చెప్పకుండా గేటు తీసుకుని వెళ్లాను. పాలు, మందులు, దారిలో రెండు ఇడ్లీలు నిలబడి తిన్నాను కూడా. భయపడుతూనే వచ్చాను. చివరి శ్లోకాల్లో ఉంది. చెప్పుల చప్పుడు విని తలెత్తి చూసి, చదవడం ఆపకుండానే, ఇంకొంచెం ఉంది కూర్చో అన్నట్టు చెయ్యి చూపించింది.